పిత్తాశయం వాపు: నొప్పి తగ్గిందని ఇంటికి వెళ్ళిపోకండి



సర్జికల్ వార్డులో పనిచేసే మాకు కొన్ని డిశ్చార్జిలు సంతోషాన్నిస్తాయి, కొన్ని దిగులు కలిగిస్తాయి. దిగులు కలిగించే వాటిలో మేము తరచుగా చూసేది ఇది. కుడి డొక్క పైభాగంలో భరించలేని నొప్పి, వాంతులు, జ్వరంతో మనిషి వస్తారు. స్కానింగులో పిత్తాశయంలో రాయి, దాని గోడకు వాపు కనిపిస్తాయి. సెలైను, యాంటీబయాటిక్ ఇంజక్షన్లు, నొప్పికి మందు మొదలుపెడతాము. రెండు మూడు రోజులకు నొప్పి తగ్గుతుంది. "ఇప్పుడే ఆపరేషను చేయించుకుని వెళ్ళండి" అని సర్జన్ గారు చెప్తారు. అప్పటికే ఇంటివాళ్ళు సంచులు సర్దుకుని ఉంటారు. "తగ్గింది కదమ్మా, కోతలయ్యాక వస్తాం" అని ఒకరు, "పిల్ల పెళ్ళి కానివ్వండి" అని ఒకరు, "క్రిస్మస్ వెళ్ళాక చూద్దాం సిస్టరు గారూ" అని ఇంకొకరు అంటారు.

ఈ విషయంలో మా అభిప్రాయం సూటిగా చెప్పాలనుకుంటున్నాము. పిత్తాశయం వాపుతో ఆసుపత్రిలో చేరినవారు ఆపరేషనుకు తగిన స్థితిలో ఉన్నారని డాక్టర్లు చెప్తే, మళ్ళీ వస్తామని వెళ్ళకుండా, అదే చేరికలో, మొదటి కొద్ది రోజుల్లోనే కీహోల్ ఆపరేషను చేయించుకోవడం మంచిది. ఎందుకు ఇలా అంటున్నామో, ఎవరి విషయంలో ఇది వర్తించదో కింద వివరిస్తాము. దయచేసి ఇంట్లో పెద్దలతో కలిసి చదవండి.

జబ్బు ఎలా వస్తుంది?

పిత్తాశయం అంటే కాలేయం కింద, కుడి పక్కటెముకల చాటున ఉండే చిన్న సంచి. పొడవు 7 నుండి 10 సెంటీమీటర్లు. కాలేయం తయారుచేసే పైత్యరసాన్ని దాచి ఉంచి, మనం నెయ్యి, నూనె, మాంసం తిన్నప్పుడు పేగులోకి వదలడం దాని పని. ఆ రసం చిక్కబడి కొందరిలో రాళ్ళు కడతాయి. మగవారికంటే ఆడవారిలో ఇవి ఎక్కువ. చాలామందికి ఈ రాళ్ళు ఉన్న సంగతే తెలియదు. వేరే కారణానికి స్కానింగు తీసినప్పుడు రాళ్ళు కనిపించి, నొప్పి ఏనాడూ రాకపోతే, సాధారణంగా ఆపరేషను అవసరం ఉండదు. ఈ మాట ముందే చెప్తున్నాము, ఎవరూ అనవసరంగా భయపడకూడదని.

రాయి సంచి మెడ దగ్గర ఇరుక్కున్నప్పుడు బాధ మొదలవుతుంది. కాసేపటికి రాయి వెనక్కి జారితే నొప్పి పోతుంది. జారకపోతే సంచి ఉబ్బుతుంది, గోడ వాస్తుంది, దానికి రక్తప్రసరణ తగ్గుతుంది, సూక్ష్మక్రిములు చేరతాయి. దీనినే కేసు షీటులో 'అక్యూట్ కోలిసిస్టైటిస్' అని రాస్తారు. ఈ వాపు వచ్చిన వందమందిలో తొంభై మందికి పైగా కారణం రాయే.

నొప్పి సాధారణంగా రాత్రి భోజనం తరువాత మొదలై గంటల తరబడి వదలదు. కుడి రెక్క వైపుకో, వీపులోకో పాకుతుంది. గట్టిగా ఊపిరి పీలిస్తే ఎక్కువవుతుంది. మన ఇళ్ళలో దీనిని 'గ్యాస్ నొప్పి' అంటారు. వాము నమలడం, సోడా తాగడం, ఈనో కలుపుకోవడం, చివరికి ఊళ్ళో ఆర్.ఎం.పి. గారి చేత ఒక ఇంజక్షను వేయించుకోవడం, ఇలా రెండు మూడు రోజులు గడిచిపోతాయి. ఆరు గంటలు దాటినా వదలని పైకడుపు నొప్పిని గ్యాస్ అని వదిలేయవద్దు. దానికి జ్వరం, వాంతులు తోడైతే అసలు ఆగవద్దు. గుండెపోటు కూడా కొందరిలో ఇలాగే పైకడుపు నొప్పిగా మొదలవుతుంది. అందుకే ఆసుపత్రిలో ముందు ఇ.సి.జి. తీస్తారు. "కడుపునొప్పికి గుండె పరీక్ష ఎందుకు?" అని దయచేసి కోప్పడకండి.

మందులు ఏమి చేస్తాయి?

యాంటీబయాటిక్స్ సూక్ష్మక్రిములను అణచివేస్తాయి. నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైను పెట్టడం వల్ల సంచికి విశ్రాంతి దొరుకుతుంది. వాపు తగ్గుముఖం పడుతుంది. కానీ రాయి అక్కడే ఉంటుంది, రాళ్ళు కట్టిన సంచీ అక్కడే ఉంటుంది. నొప్పి తగ్గినందుకు సంతోషించవలసిందే, జబ్బు పోయిందని మాత్రం అనుకోకూడదు.

ఇంటికి వెళ్ళినవారిలో కొందరు నిజంగానే ఆరు వారాల తరువాత చెప్పిన తేదీకి వచ్చి ఆపరేషను చేయించుకుంటారు. కానీ పలు దేశాల పరిశోధనలను కలిపి చూసినప్పుడు, ఇలా ఎదురుచూసే కాలంలోనే దాదాపు ఐదుగురిలో ఒకరు మళ్ళీ నొప్పితో అత్యవసరంగా ఆసుపత్రికి రావలసి వచ్చిందని తేలింది. రెండోసారి వచ్చే దాడి మొదటిదానిలాగే ఉంటుందని హామీ లేదు. రాయి పైత్యనాళంలోకి జారితే పచ్చకామెర్లు వస్తాయి. క్లోమం వాస్తే అది ప్రాణం మీదకు కూడా రావచ్చు. పిత్తాశయం గోడ కుళ్ళి పగిలితే కడుపంతా చీము పాకుతుంది. షుగర్ ఉన్నవారిలో నొప్పి అంతగా తెలియకుండానే లోపల ముదిరిపోవచ్చు.

డాక్టర్ల మాట ఎందుకు మారింది?

"మా అత్తగారికి ఇదే జబ్బు వస్తే డాక్టర్లే ఇంటికి పంపించారు, వాపు చల్లారాక రమ్మన్నారు. ఇప్పుడు మీరు వెంటనే అంటున్నారు" అని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పిత్తాశయాన్ని మొట్టమొదట విజయవంతంగా తీసినవారు కార్ల్ లాంగెన్‌బుక్ అనే జర్మన్ సర్జన్. 1882 జూలై 15న బెర్లిన్ నగరంలోని లాజరస్ ఆసుపత్రిలో, 43 ఏళ్ళ మనిషికి ఆయన ఈ ఆపరేషను చేశారు. డీకనెస్ సోదరీమణులు నర్సులుగా సేవచేసిన ఆసుపత్రి అది. తరువాత నూరేళ్ళపాటు ఈ ఆపరేషను పెద్ద కోతతోనే జరిగింది. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె అనే సర్జన్ మొదటిసారి లాపరోస్కోపు సహాయంతో పిత్తాశయాన్ని తీశారు. మొదట్లో తోటి సర్జన్లు ఆయనను మెచ్చుకోలేదు. 1987లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ మూరే చేసిన తరువాత ఈ పద్ధతి ప్రపంచమంతటా పాకింది. మన దేశంలో 1990లో ముంబయిలో డాక్టర్ టెహెమ్టన్ ఉడ్వాడియా దీనిని ప్రారంభించారు.

ఆ తొలి రోజుల్లో వాచిన పిత్తాశయాన్ని కీహోల్ పద్ధతిలో ముట్టుకోవడానికి సర్జన్లు వెనుకాడేవారు. వాచిన చోట కణజాలం ఎర్రబడి, ఒకదానికొకటి అంటుకుని ఉంటుంది. పైత్యనాళం ఏదో సరిగా గుర్తుపట్టలేక దెబ్బ తగులుతుందేమోనని భయం. అందుకే మందులతో చల్లార్చి, ఆరు వారాలకు పిలిచేవారు. మీ అత్తగారిని ఇంటికి పంపినది ఆ రోజుల వైద్యం ప్రకారమే. అందులో తప్పు పట్టవలసింది లేదు.

తరువాత సర్జన్ల చేతికి అలవాటు పెరిగింది, కెమెరాలు మెరుగుపడ్డాయి. పరిశోధనలూ జరిగాయి. వాటిలో పెద్దది 2013లో ప్రచురితమైంది. జర్మనీ, స్లొవేనియా ఆసుపత్రులలో 600 మందికి పైగా పేషెంట్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆసుపత్రిలో చేరిన 24 గంటల్లోపు ఆపరేషను చేశారు. రెండో గుంపుకు మందులు ఇచ్చి, 7 నుండి 45 రోజుల మధ్య చేశారు. వెంటనే చేసిన గుంపులో వందకు 12 మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. ఆగి చేసిన గుంపులో వందకు 34 మందికి కలిగింది. ఆసుపత్రిలో గడిపిన రోజులు మొదటి గుంపుకు సగటున 5, రెండో గుంపుకు 10. పెద్ద కోతకు మారవలసి రావడంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇప్పుడు వైద్య మార్గదర్శకాలు కూడా ఇదే చెప్తున్నాయి. ఇంగ్లండులో 2014 నుండి జబ్బు నిర్ధారణ అయిన వారంలోపు కీహోల్ ఆపరేషను ఇవ్వాలని సూచిస్తున్నారు. ప్రపంచ అత్యవసర సర్జరీ సంఘం 2020లో, చేరిన 7 రోజుల్లోపు, నొప్పి మొదలైన 10 రోజుల్లోపు చేయాలని సూచించింది. మొదటి రోజుల్లో వాపు నీరుపట్టినట్టు మెత్తగా ఉండి పొరలు విడదీయడం సులువు. రోజులు గడిచేకొద్దీ అది గట్టిపడి అతుక్కుపోతుంది. కాబట్టి మూడు రోజులు ఇంట్లో, నాలుగు రోజులు వేరేచోట, ఇంకో రెండు రోజులు ఆలోచనలో గడిపేసి వస్తే, మంచి సమయం మన చేతులారా పోగొట్టుకున్నట్టే.

మంచం దగ్గర మేము వినే మాటలు

"ఆకు పసరుతో రాళ్ళు కరుగుతాయట." కొండపిండి ఆకు, అరటి దూట రసం అని మన ఊళ్ళలో చెప్పుకునేది మూత్రపిండాల రాళ్ళ గురించి. ఆ రాళ్ళు వేరు, ఇవి వేరు. కొందరు నూనె, నిమ్మరసం కలిపి తాగి, మలంలో ఆకుపచ్చని ఉండలు పడ్డాయని చూపిస్తారు. అవి రాళ్ళు కావు, తాగిన నూనె కడుపులో సబ్బులాగా గట్టిపడి ఏర్పడిన ఉండలు. పిత్తాశయం వాచి ఉన్నప్పుడు ఇటువంటివి తాగి కాలం గడపడం ప్రమాదం.

"రాళ్ళు మాత్రం తీసి సంచి ఉంచలేరా?" ఉంచితే మళ్ళీ రాళ్ళు కడతాయి. సంచి లేకపోయినా కాలేయం పైత్యరసం తయారుచేస్తూనే ఉంటుంది, అది నేరుగా పేగులోకి పోతుంది. అరుగుదల ఆగిపోదు. కొందరికి మొదట్లో విరేచనాలు కొంచెం పలుచగా అవుతాయి. చాలామందికి అది క్రమంగా సర్దుకుంటుంది.

"లేజరుతో చేస్తారా?" చాలామంది దీనిని లేజరు ఆపరేషను అంటారు. ఇందులో లేజరు లేదు. మత్తు ఇచ్చిన తరువాత బొడ్డు దగ్గర ఒక సెంటీమీటరు గాటు పెట్టి, కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో కడుపును కొంచెం ఉబ్బిస్తారు. కెమెరా ఉన్న గొట్టం లోపలికి పంపి టి.వి. తెర మీద చూస్తూ, ఇంకో మూడు చిన్న రంధ్రాల ద్వారా సన్నని పరికరాలతో పిత్తాశయాన్ని విడదీసి బయటికి తీస్తారు. కుటుంబ నియంత్రణ ఆపరేషను లాప్రోస్కోపీలో చేయించుకున్న అమ్మలకు ఈ గొట్టం సంగతి తెలుసు. ఇది దానికంటే చాలా పెద్ద పని, ఎక్కువ సమయం పడుతుంది.

"చిన్న రంధ్రాలు అని చెప్పి పెద్ద కోత పెట్టారు." ఈ ఫిర్యాదు మాకు బాధ కలిగిస్తుంది. వాపు బాగా అతుక్కుని, నాళం స్పష్టంగా కనిపించకపోతే, సర్జన్ గారు కోత పెట్టి తీస్తారు. లేదా ప్రమాదకరమైన భాగాన్ని వదిలి మిగతాది తీస్తారు. కీహోల్ పద్ధతిలో పైత్యనాళానికి దెబ్బ తగలడం వెయ్యిమందిలో సుమారు ముగ్గురు నుండి ఐదుగురికి జరుగుతుంది. తగిలితే అది పెద్ద కష్టం. ఆ కష్టం రాకుండా ఆగి, దారి మార్చుకునే సర్జన్ మీకు మేలు చేసినట్టే. ఈ మాట అంగీకార పత్రంలో రాసి ఉంటుంది, సంతకానికి ముందు చదివించుకోండి.

"ఖర్చు ఎక్కువ కదా." రెండుసార్లు చేరితే రెండుసార్ల మందులు, రెండుసార్ల పరీక్షలు, రెండుసార్లు కూలి పనుల నష్టం. మధ్యలో దాడి వస్తే మూడోసారి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు చేరిన రోజే కౌంటరులో చూపించి, ఈ ఆపరేషను, ఈ ఆసుపత్రి ఆ పథకంలో ఉన్నాయా అని అడగండి. డిశ్చార్జి రోజున అడిగితే ఆలస్యమైపోతుంది.

సంతకం ఎవరిది?

ఇది మేము మనసులో పెట్టుకున్న మాట. మంచం మీద ఉన్నది ఎక్కువసార్లు ఒక తల్లి, ఒక ఇల్లాలు. నొప్పి ఆమెది. కానీ నిర్ణయం కోసం దుబాయిలో ఉన్న కొడుకు ఫోను, హైదరాబాదు నుండి రావలసిన బావగారు, మంచి రోజు చూడవలసిన మేనమామ, అందరి కోసం ఎదురుచూస్తారు. ఆమెను అడిగితే "వాళ్ళ ఇష్టం అమ్మా" అంటుంది. రాత్రి ఒంటిగంటకు టెంపరేచరు చూడటానికి వెళ్ళిన నర్సుతో మాత్రం "ఈ నొప్పి మళ్ళీ వస్తే నేను తట్టుకోలేను, చేసేయమనండి" అంటుంది. ఇంటి వంట, పశువులు, మనవల బడి ఏమవుతాయోనన్న దిగులు ఆమె నోరు కట్టేస్తుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ప్రకారం, వయసు వచ్చి, మాట్లాడి నిర్ణయించుకోగల స్థితిలో ఉన్న మనిషికి చేసే ఆపరేషనుకు ఆ మనిషి సమ్మతే కావాలి. ఆ కేసులో కన్నతల్లి ఇచ్చిన సమ్మతి కూడా చాలదని కోర్టు చెప్పింది. కుటుంబంతో ఆలోచించవద్దని మేము అనడం లేదు. కుటుంబం తోడు లేకుండా ఏ పేషెంటూ త్వరగా కోలుకోరు. ముందు మంచం మీద ఉన్న మనిషిని అడగండి, ఆ తరువాత దూరాన ఉన్నవారికి ఫోను చేయండి అని మాత్రమే మా మనవి. ఆ ఫోను కూడా చేరిన మొదటి రోజే చేయండి.

ఆగవలసినవారు ఎవరు?

అందరికీ ఒకే సలహా వర్తించదు. ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారు, జబ్బు తీవ్రమై మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటున్నవారు, మత్తుకు తట్టుకోలేనివారు ముందు స్థిమితపడాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారి విషయంలో డాక్టర్లు సమయం చూసుకుంటారు. ఆ మాత్రల సంగతి దాచకండి, స్వయంగా మానకండి. కామెర్లు ఉండి నాళంలో రాయి ఉందని తేలితే, చాలాసార్లు నోటి ద్వారా గొట్టం పంపి ముందు ఆ రాయిని తీయవలసి వస్తుంది. ఆపరేషనుకు ఏమాత్రం తట్టుకోలేనివారికి స్కానింగులో చూస్తూ పిత్తాశయంలోకి సన్నని ట్యూబు పెట్టి చీము తీస్తారు. అలాగని వృద్ధులందరికీ ట్యూబే మేలు అనుకోవద్దు. 2018లో నెదర్లాండ్స్ పరిశోధకులు, ప్రమాదం ఎక్కువగా ఉన్న పేషెంట్లలో కూడా ట్యూబు పెట్టినవారికంటే కీహోల్ ఆపరేషను చేసినవారికే పెద్ద ఇబ్బందులు చాలా తక్కువని చూపించారు. గర్భిణులకు కూడా అవసరమైతే జాగ్రత్తలతో ఈ ఆపరేషను చేస్తారు. "కాన్పు అయ్యాక" అని ఇంట్లో నిర్ణయించకండి.

ప్రతి ఆసుపత్రిలోనూ ప్రతి రోజూ సర్జన్, మత్తు డాక్టరు, పరికరాలు సిద్ధంగా ఉండకపోవచ్చు. కాబట్టి మొదటి రోజే అడగండి: "ఈ ఆపరేషను ఈ వారంలో ఇక్కడ చేయగలరా? లేకపోతే ఎక్కడికి పంపుతారు, ఎప్పుడు పంపుతారు?" ఇలా అడిగే హక్కు మీకు ఉంది. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోకూడదు.

ఇంటికి వెళ్ళాక

కీహోల్ ఆపరేషను తరువాత చాలామంది ఒకటి రెండు రోజుల్లో నడిచి ఇంటికి వెళ్తారు. వాపు ఎక్కువగా ఉన్నవారికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. భుజం నొప్పి వస్తే భయపడకండి, అది లోపల మిగిలిన గ్యాసు వల్ల వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. దగ్గు వచ్చినప్పుడు కడుపు మీద దిండు అదిమి పట్టుకోండి. మంచానికి అతుక్కుపోకండి, మొదటి రోజు నుండే మెల్లగా నడవండి.

పథ్యం గురించి ఒక మాట. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, పచ్చి ఒళ్ళు అని కారప్పొడి అన్నం తప్ప ఏమీ పెట్టకుండా ఉంచేవారు ఇంకా ఉన్నారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, కూరలు పెట్టండి. వేపుళ్ళు, నూనె ఎక్కువైనవి కొన్ని వారాలు తగ్గిస్తే చాలు. బరువులు ఎత్తడం, బిందెలు మోయడం ఎప్పటి నుండో డాక్టరు గారిని అడిగి మొదలుపెట్టండి. జ్వరం, పెరిగే కడుపునొప్పి, కడుపు ఉబ్బరం, ఆగని వాంతులు, కళ్ళు పచ్చబడటం, గాయం నుండి చీము కారడం, వీటిలో ఏది కనిపించినా రివ్యూ తేదీ కోసం ఆగకుండా వెంటనే రండి. తీసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపుతారు, ఆ రిపోర్టు తప్పక తీసుకోండి.

కోతలు ప్రతి ఏడూ వస్తాయి, క్రిస్మస్ ప్రతి ఏడూ వస్తుంది. ఆ పండుగ నాటికి మీ ఇంటి మనిషి వార్డులో సెలైనుతో పడుకుని ఉండకూడదని, ఇంట్లో మీ అందరితో కలిసి భోజనానికి కూర్చోవాలని మా కోరిక. డాక్టరు గారు "ఇప్పుడే" అన్నప్పుడు, ఎందుకో అడగండి, ప్రమాదాలు అడగండి, ఖర్చు అడగండి. అన్నీ విన్నాక, కారణం లేకుండా వాయిదా మాత్రం వేయకండి.

మీ క్షేమం కోరే,
నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగు విభాగం తరపున